అయిదు వందల తూటాల పరీక్ష

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. ఇరవై నాలుగేళ్లు మన సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు విప్పి బాగుచేసే పనిలో ఉండి, హవల్దారుగా రిటైరయ్యాను. తర్వాత పదకొండేళ్లుగా కువైట్‌లో, కబ్ద్ వైపు ఎడారిలో ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో అదే పని చేస్తున్నాను. ఇన్నేళ్లలో తుపాకీ నాకు ఎన్నడూ కోపం తెప్పించలేదు. తెప్పించేదల్లా దాన్ని కొనేవాళ్లూ, అమ్మేవాళ్లూ.

కొనేవాళ్లను చూడండి. కొత్త పిస్టల్ చేతికి రాగానే ముందు దాని మీద పేరు చదువుతారు. తర్వాత అద్దంలో తమను తాము చూసుకుంటారు. "బాగుంది" అంటారు. ఏం బాగుంది? పెళ్లిచూపుల్లో జడ చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టుంటుంది. పిడి అరచేతిలో నిండుగా కూర్చుందా, వేలు సాగదీయకుండా ట్రిగ్గర్‌కి అందుతోందా, చెమట చేత్తో పట్టినా జారకుండా ఉంటుందా, మీట నొక్కగానే ఖాళీ మేగజైన్, అంటే తూటాల డబ్బా, దానంతటది కింద పడుతోందా, వందో తూటా కూడా మొదటి తూటా పడ్డ చోటే పడుతోందా? ఇవి ఒక్కడూ అడగడు. అడగరు కాబట్టే నాలాంటివాడికి జీతం ఇస్తున్నారని సర్దిచెప్పుకుంటాను గానీ, ఒళ్లు మాత్రం మండుతుంది.

కిందటి దసరా ముందు మా మేనేజరు అబూ ఫహద్ నన్ను పిలిచాడు. ఆయన కువైటీ, మాట తక్కువ మనిషి. మా ఇద్దరి మధ్య నడిచేది సగం హిందీ, సగం అరబ్బీ.

"వెంకట్, క్లబ్బుకి పన్నెండు ఫుల్ సైజు పిస్టళ్లు కొనాలి. శాంపిల్ ఒకటి వస్తోంది. అయిదు వందల తూటాలు కాల్చి చూడు. కొనాలో వద్దో నువ్వే రాయి. నువ్వు ఏది రాస్తే అదే" అన్నాడు.

నా పేరు వెంకటసత్యనారాయణ. ఆయన నోటికి వెంకట్ దాకానే వచ్చింది. ఆయన టేబుల్ మీద నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి, దాని కాగితాలు కూడా ఉన్నాయి. ఆ నెలాఖరుకి గడువు అయిపోతుంది. అవి రెన్యూ కావాలన్నా ఆయన సంతకమే కావాలి.

శాంపిల్ తెచ్చినవాడు శరత్. హైదరాబాదు కుర్రాడు, ముప్పై ఉంటాయేమో. సబ్హాన్‌లో గోడౌన్ ఉన్న ఒక డీలరు దగ్గర సేల్స్‌లో చేరి ఆరు నెలలయింది. పెట్టె నా బల్ల మీద పెట్టి, దాపరికం లేకుండా చెప్పేశాడు.

"సార్, ఇది నా ఫస్ట్ ఆర్డర్. ఇది అయితే కంపెనీ నన్ను ఉంచుకుంటది. కాకపోతే నెలాఖరుకు టికెట్ చేతిల పెడ్తమన్నరు."

"అది నాకెందుకు చెబుతున్నావయ్యా? పిస్టల్ బాగుంటే బాగుందని రాస్తాను. నీ టికెట్ చూసి రాయను" అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. నా ఇఖామా కాగితాలు కూడా మేనేజరు టేబుల్ మీదే ఉన్నాయనీ, మొహమాటాలకి పోతే ఇద్దరం విమానం ఎక్కాల్సి వస్తుందనీ కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ మాట వాడు ఎంత గట్టిగా గుర్తుపెట్టుకుంటాడో అప్పుడు నాకు తెలియదు.

పరీక్షకి నాకో నియమం ఉంది. శాంపిల్ పెట్టెలోంచి వచ్చింది వచ్చినట్టే కాలాలి. పరీక్ష పూర్తయ్యేదాకా బ్యారెల్ తుడవడం తప్ప, లోపలి భాగాలు విప్పడం ఉండదు. విప్పి నూనెలు పోసి ముద్దు చేస్తే ఏ డొక్కు పిస్టలైనా మూడు రోజులు బుద్ధిగా ఉంటుంది. ఈ నియమం నేనే రాసి, ఆయుధాల గదిలో గోడకి అంటించాను.

శరత్ వచ్చింది బుధవారం. మర్నాడు దసరా. పొద్దున్నే నేనుండే మంగఫ్‌లో కంపెనీ బస్సు ఎక్కుతుంటే ఊరి నుంచి మా ఆవిడ చిట్టెమ్మ ఫోను.

"ఏవండీ, పనిముట్లకి బొట్టెట్టడం మర్చిపోకండే. మొన్నంపిన పొట్లంలో కుంకం ఉందండి."

"ఇదేవన్నా అమలాపురం అనుకున్నావా? సరేలే, ఎడతాన్లే, ఫోనెట్టెయ్" అన్నాను.

సైన్యంలో దసరాకి ఆయుధ పూజ పెద్ద పండగ. తుపాకులన్నీ తివాచీ మీద వరసగా పేర్చి, బొట్లు పెట్టి, ఏడాదంతా మా చేతుల్లో పడ్డ అవస్థకి మన్నించమని మొక్కేవాళ్లం. ఇక్కడ అంత సంబరం కుదరదు. భోజనాల వేళ తలుపు గడియ వేసి, సీసా మూతలో కొంచెం గన్ ఆయిల్ పోసి, కుంకుమ కలిపాను. పట్టకారుకి ఒక బొట్టు, పనిముట్ల పెట్టెకి ఒకటి, ఇనుప బీరువా తలుపుకి ఒకటి పెట్టాను. కొత్తగా వచ్చింది కదా అని శాంపిల్ పిస్టల్‌కి కూడా ఒకటి పెట్టాను. ఖాళీగా ఉందని కనబడేలా దాని స్లైడు, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప తొడుగు, వెనక్కి లాగి పెట్టి ఉంచడం నా అలవాటు. అలా ఉంచితే స్లైడు వెనక భాగం అచ్చం నుదురులా ఎదురుగా కనిపిస్తుంది. ఆ నుదుటి మధ్యలో పెట్టి, దండం పెట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని గుడ్డతో అన్నీ గట్టిగా తుడిచేశాను.

ఆదివారం పరీక్ష మొదలైంది. అబూ ఫహద్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, శరత్ పక్కన నిలబడ్డాడు. మొదటి ముప్పై తూటాలు హాయిగా వెళ్లాయి. పిడి చేతిలో కుదిరింది, బరువు తూగింది, ట్రిగ్గర్ మెత్తగా ఉంది. నాకే ముచ్చటేసింది. ముప్పై ఏడోది "టక్" అంది. అంతే. పేలలేదు.

పిస్టల్ గురి వైపే ఉంచి అర నిమిషం ఆగి, తూటా బయటికి తీశాను. తూటాని పేల్చే ఫైరింగ్ పిన్ను దాని అడుగున కొట్టిన గుర్తు ఉంది గానీ పైపైనే ఉంది. పిన్నుకి దమ్ము చాల్లేదన్నమాట. యాభై రెండోదీ అంతే. సాయంత్రానికి నాలుగు.

"సార్, జర పక్కకొస్తరా? ఒక్క మాట" అన్నాడు శరత్.

ఈ దేశంలో పక్కకి పిలిచి చెప్పే ఒక్క మాట ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకడు అత్తరు సీసా ఇవ్వబోయాడు, ఒకడు కవరు. "ఏవన్నా ఉంటే ఇక్కడే చెప్పు. అబూ ఫహద్ గారు కూడా వింటారు" అన్నాను గట్టిగా. వాడు ఆయన వైపు చూసి, నా వైపు చూసి, "ఏం లేదు సార్" అన్నాడు.

సోమవారం తూటాల బ్రాండు మార్చాను. మేగజైన్లు మార్చాను. నా చెయ్యి బాగాలేదేమోనని క్లబ్బు కోచ్ చేత కాల్పించాను. "టక్." ఏడు సార్లు. కొనదగ్గ పిస్టలని నేను మనసులో అప్పటికే ఒప్పేసుకున్న వస్తువు అది. అది నన్ను అలా వెక్కిరిస్తుంటే ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. కాఫీ తెచ్చినవాణ్ణి కసిరాను. ఫ్యాను తిరుగుతోందని కసిరాను.

"సార్, వెనక పిన్ను ఒక్కటి ఇప్పి సాఫ్ చేసి చూద్దమా?" అన్నాడు శరత్.

"గోడ మీద రాసింది చదవలేవా? సాఫ్ చేస్తే నీకు పాస్, చెయ్యకపోతే ఫెయిలా? కొన్నాక రోజూ నువ్వొచ్చి చేత్తావా?"

"అది కాదు సార్, జర నేను చెప్పేది ఇనున్రి..."

"వినను."

ఆ సాయంత్రం బస్సులో ఉండగా మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ కట్ చేశాను. చెవిలో జోరీగలా పట్టుకున్నాడు, అమ్ముకోవడం తప్ప వీడికి వేరే ధ్యాస లేదు అనుకున్నాను.

మంగళవారానికి అయిదు వందలూ అయ్యాయి. మొత్తం పంతొమ్మిది పేలలేదు. క్లబ్బు మెంబర్లు నలుగురైదుగురు చుట్టూ చేరారు. శరత్ మళ్లీ నోరు తెరవబోయాడు. నాకిక ఆగలేదు.

"చూడు బాబూ, ఆడలేక మద్దెల ఓడంటారు మా వైపు. మీ ఫ్యాక్టరీకి చేతకాదు. ఇక నువ్వేమో పక్కకి రమ్మంటావు, సాఫ్ అంటావు. ఇలాంటి సరుకు మోసుకు తిరగడానికి సిగ్గుండాలి" అన్నాను. తెలుగులో అన్నది చాలనట్టు, అందరికీ అర్థమవ్వాలని హిందీలో కూడా అన్నాను. వాడు తల దించుకుని తూటాల డొప్పలు ఏరి బకెట్లో వేయడం మొదలుపెట్టాడు. అది వాడి పని కాదు.

నివేదిక రాశాను. "లోపానికి కారణం" అన్న గడిలో "ఫ్యాక్టరీ లోపం" అని రాసి, కింద "కొనరాదు" అని గీత గీసి, అబూ ఫహద్ టేబుల్ మీద పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం సంతకం పెడతానన్నాడు.

బుధవారం పొద్దున్న పిస్టల్ తిరిగి ఇచ్చేయాలి. శుభ్రం చేయకుండా ఆయుధం చెయ్యి దాటించడం నాకు చేతకాదు. పరీక్ష అయిపోయింది కాబట్టి ఇప్పుడు విప్పొచ్చు. ఫ్యాక్టరీవాడు ఏం తగలేశాడో చూద్దామని, స్లైడు వెనక రంధ్రంలోంచి ఫైరింగ్ పిన్ను బయటికి తీశాను. సులువుగా రాలేదు. జిగురు పట్టినట్టు సాగుతూ వచ్చింది.

పిన్ను నిండా ఎర్రటి బంక ఉంది.

ముందు తుప్పు అనుకున్నాను. కొత్త పిస్టల్‌కి తుప్పేమిటి? వేలికి రాసి వాసన చూశాను. గన్ ఆయిలు, దాని వెనకే పసుపు వాసన. నేను నుదురు అనుకుని బొట్టు పెట్టిన చోటే పిన్ను రంధ్రం ఉంది. గట్టిగా తుడిచానన్నాను కదా, ఆ తుడవడంతోనే కుంకుమంతా లోపలికి దిగింది. మూడు రోజులు నూనెలో నాని, మసిలో కలిసి, పిన్నుని పట్టుకుంది.

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. చెబితే ఏమవుతుందో ఆలోచించాను. పరీక్షకి వచ్చిన ఆయుధంలో పూజ కుంకుమ పోసినవాడి కాగితాల మీద అబూ ఫహద్ సంతకం పెడతాడా? చెప్పకపోతే ఏమవుతుంది? పిస్టల్ పెట్టెలోకి, పెట్టె సబ్హాన్‌కి, కుర్రాడు విమానంలోకి. ఎవరికీ తెలియదు. ఆలోచిస్తూనే నా చేతులు తమ పని తాము చేశాయి. పిన్ను కడిగాయి, రంధ్రం తుడిచాయి, పిస్టల్ బిగించేశాయి. ఎర్రటి గుడ్డ మాత్రం బల్ల మీద ఉండిపోయింది.

తల ఎత్తితే గుమ్మంలో శరత్, చేతిలో ఖాళీ పెట్టె. వాడి చూపు గుడ్డ మీద పడింది.

"సాఫ్ చేసిన్రా సార్?" అన్నాడు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు. "మంచి పని చేసిన్రు. ఎవ్వరన్న చూస్తరేమోనని మూడు దినాల సంది పరేషాన్‌ల ఉన్న."

నేను పిస్టల్ బల్ల మీద పెట్టాను.

"ఆదివారమే చూసిన సార్. వెనక రంధ్రం చుట్టు ఎర్రగ ఉండె. మా అమ్మ దసరాకు కుట్టుమిషిన్‌కు గట్లనే పెడ్తది. ఒకపారి సూది కాడ పెట్టింది, మిషిన్ దినమంత నడ్వలె."

"మరి చెప్పవేంటయ్యా?"

"పక్కకు రమ్మంటి గద సార్. మీరు రాకపోతిరి. ఫోన్ చేస్తి, కట్ చేస్తిరి. ఆయన ముంగట ఎట్ల చెప్పాలె? మీ ఇఖామా కాయితాలు ఆయన టేబుల్ మీదనే ఉన్నయని మీరే చెప్తిరి."

"నీ ఉద్యోగం పోతుంది కదరా బాబూ!"

"నాకేం సార్, ముప్పై ఏండ్లోన్ని, యాడనో ఒక కాడ దొర్కుతది. మీకు ఈ వయసుల..." అని ఆపేశాడు.

నాకు యాభై అయిదు. ఆ మాట వాడు పూర్తి చేసినా అంత సిగ్గు పడేవాణ్ణి కాదు. నలుగురిలో వాణ్ణి తిట్టిన తిట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నా చెవుల్లోనే వినబడ్డాయి. ఆడలేక మద్దెల ఓడన్నది ఎవరు?

గుడ్డ తీసుకున్నాను, పిస్టల్ తీసుకున్నాను. "వద్దు సార్, ఊకోన్రి, అయిపాయె గద" అంటూ శరత్ వెంటపడ్డాడు. ఆగలేదు.

అబూ ఫహద్ పెన్ను మూత తీసి ఉన్నాడు. గుడ్డ ఆయన ముందు పరిచాను.

"శినూ హాదా?" అన్నాడు, ఏమిటిదని.

చెప్పాను. దసరా, బొట్టు, నూనె, రంధ్రం, అంతా చెప్పాను. లోపం పిస్టల్‌ది కాదు, నాది అన్నాను. ఆయన గుడ్డ మీది ఎరుపుని వేలితో రాసి చూశాడు. తర్వాత లేచి, "యల్లా", అంటే పద, అని తనే రేంజిలోకి నడిచాడు. వంద తూటాలు తన చేత్తోనే కాల్చాడు. ఒక్కటి కూడా "టక్" అనలేదు.

తిరిగొచ్చి పాత నివేదిక చింపి, కొత్త ఫారం నా ముందుకి తోశాడు. "లోపానికి కారణం" గడిలో "ఆర్మరర్" అని రాసి, నా పేరు పూర్తిగా రాశాను. కింద "కొనవచ్చు" అని రాశాను. ఆయన దాని మీద సంతకం పెట్టాడు. నా ఇఖామా కాగితాలు సొరుగులో పెట్టి, "నీ సంగతి ఆదివారం" అన్నాడు.

సరేనని లేచాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. శరత్ ఎండలో ఖాళీ పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ కుర్రాడికి ఇది ముందే తెలుసా?"

"తెలుసు. ఆదివారం నుంచీ నాకు చెప్పబోతూనే ఉన్నాడు."

"మరి నువ్వెందుకు వినలేదు?"

దేనికైనా నా దగ్గర ఒక జవాబు, జవాబు లేకపోతే ఒక సామెత ఉంటుంది. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "లంచం ఇవ్వడానికి పిలుస్తున్నాడనుకున్నాను" అని, శరత్‌ని లోపలికి పిలవడానికి తలుపు తీశాను.