నాలుగో ఈక

సన్యాసిరాజు చేతులు కడగడం ఇది మూడోసారి. మొదట కిరసనాయిలుతో, తర్వాత బట్టలసబ్బుతో, ఇప్పుడు కుంకుడు రసంతో. పొద్దున్న ఆరు నుంచి రెండింటి దాకా పోర్టులో క్రేన్ల ఇనుపతాళ్లకు గ్రీజు పూసి వచ్చిన చేతులు అంత తొందరగా లొంగవు. ముప్పై రెండేళ్లుగా ఆయన చేస్తున్నది ఈ ఒక్క పనే. క్రేన్ తిరిగినన్నాళ్లూ ఆయన ఎవరికీ గుర్తు రాడు. అది కీచుమన్నదంటే మాత్రం అందరికీ ఆయన పేరే నోటికొస్తుంది.

"అయినాదా నీ మడి?" అంది భార్య తాయారు గదిలోంచి. "నన్ను ముట్టుకోడానికి ఏనాడైనా ఇలగ కడుక్కున్నావేటి?"

"జిడ్డంటి పాడవడానికి నీకు ఈకల్లేవు కదే!"

పాత లుంగీలో చుట్టిన బైరి డేగను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది తాయారు. సీసం రంగు వీపు, చెంపల మీద మీసాల్లాంటి నల్లటి చారలు, పసుపు కాళ్లు. ఏటా చలికాలం ఎక్కడి మంచుదేశాల నుంచో వచ్చి, పోర్టు క్రేన్ల మీద మకాం పెట్టి, ఒలికిన గింజలకు చేరే పావురాల్ని గాలిలోనే తన్నుకుపోయే జాతి. ఈసారి పావురం వెంటపడి ఇనుపతాడుకు కొట్టుకుంది. కుడి రెక్కలో నాలుగు పెద్ద ఈకలు సగానికి విరిగాయి. అప్పటి నుంచి పదకొండు రోజులుగా పూర్ణా మార్కెట్ వెనక వీళ్ల రెండు గదుల వాటాలోనే ఉంటోంది.

తాయారుకు తమ్ముడి వరసయ్యే అటవీశాఖ గార్డు భీమశంకరరావు పైవాళ్లను అడిగి అందుకు ఒప్పించాడు. గడువు ఇవాళ సాయంత్రం ఐదింటికి. ఎగిరితే సరే. లేకపోతే కొత్త ఈకలు వచ్చేదాకా, అంటే ఏడాది పాటు, పంజరమే. మేఘాల్లో తిరిగే పక్షి పంజరంలో ఏడాది బతకదని రాజు భయం.

విరిగిన ఈకకు వేరే ఈకను అతికే విద్య ఆయనకు తాత నేర్పాడు. తాత ఒక జమీందారు గారి వేటడేగల్ని సాకినవాడు. డేగల్ని పట్టి పెంచడం నేరమని చట్టం వచ్చాక తన చివరి పక్షిని ఆయనే వదిలేశాడు. విద్యను మాత్రం వదల్లేదు. మనవణ్ణి కూర్చోబెట్టి, చచ్చిన కాకుల రెక్కల మీద అంతా నేర్పాడు. డేగను చేతి మీదికి పిలిచే ఈలతో సహా. గట్టు మీద ఈత నేర్చుకున్నట్టయింది రాజు బతుకు. ఎన్నడూ ఒక డేగ ఆకాశం నుంచి దిగి ఆయన పిడికిలి మీద వాలలేదు. యాభై ఏడేళ్ల మనిషికి మిగిలిపోయిన కోరిక అదొక్కటే.

ఇరవై రెండు చలికాలాలుగా క్రేన్ల కింద రాలిన బైరి ఈకలు ఏరి దాచాడు. వాటిలో మూడు సరిపోతే నిన్న అతికాడు. నాలుగోదానికి జత దొరకలేదు. పొద్దున్న డ్యూటీలో గద్ద ఈక ఒకటి కనిపిస్తే, అదే తెచ్చి కొలతకు కత్తిరించాడు.

విరిగి మిగిలిన ఈక కాడ లోపల బోలు. అందులోకి చీపురుపుల్లంత వెదురు పేడును జిగురు అద్ది సగం దించాడు. మిగతా సగం మీద గద్ద ఈక తొడిగాడు. టీ గ్లాసు పట్టుకుంటే వణికే వేళ్లు ఈ పనిలో వణకలేదు. తాయారు రెక్క విప్పి పట్టుకుని చూసింది. కట్టుకున్నవాడి చేతులు ఇంత అందమైనవని ఇన్నేళ్లకు తెలిసింది ఆమెకు.

ఐదింటికి భీమశంకరరావు వచ్చాడు. ముగ్గురూ డాబా ఎక్కారు. దూరంగా క్రేన్లు, వాటి వెనక సముద్రం.

"గద్ద ఈక ఆగుతాదా బావా?" అన్నాడు గార్డు.

"సూద్దాం."

పాత బూటు తోలుతో తానే కుట్టిన ముసుగును, ఎడమ పిడికిలి మీదున్న పక్షి తల నుంచి తీసి పిట్టగోడ మీద పెట్టాడు రాజు. డేగ కళ్లు తెరిచి ఒక్కసారి ఒళ్లంతా దులుపుకుంది. చెయ్యి ఖాళీ అయిపోయింది.

ముందు కిందికి జారింది. రాజు పిట్టగోడ మీదికి వంగాడు. కుడివైపు ఒరిగి, వీధి కరెంటు తీగల దగ్గర సర్దుకుని పైకి లేచింది. డాబా చుట్టూ ఒక చుట్టు, ఆపైన ఇంకో చుట్టు. ఆగింది ఈక.

"ఈల ఎయ్యవా?" అంది తాయారు మెల్లగా. గదిలో ఈల వినగానే ఆ పక్షి ఆయన చేతి మీదికి గెంతి మాంసం తినడం ఆమె రోజూ చూసిందే. "ఒక్కపాలి ఎయ్యి. ఇంకా ఇక్కడే తిరుగుతంది. ఒత్తాది."

"ఒత్తాది. అందుకే ఎయ్యను. ఇయ్యాల నా సెయ్యి సూసి ఒత్తే, రేపు ఎవుడి సెయ్యి సూసినా ఒత్తాది."

ఆ మాట అంటూనే ఆయన ఎడమ పిడికిలి తనంతట తానే భుజం దాకా లేచింది. మూడో చుట్టులో డేగ నెత్తి మీదకు వచ్చి ఒక్క క్షణం నిలిచింది. రాజు ఈల జారకుండా పెదవులు గట్టిగా బిగించుకున్నాడు. తాత నేర్పిన విద్య ఎగిరిందన్న గర్వం, తాత అది చూడలేదే అన్న దిగులు ఒక్కసారే వచ్చాయి.

పక్షి క్రేన్లు దాటి సముద్రం వైపు వెళ్లిపోయింది. కనుమరుగయ్యాక కూడా కాసేపు ఆయన పిడికిలి దించలేదు. తాయారే దించి, చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లింది.

పిట్టగోడ మీద బూటు తోలు ముసుగు, డేగ తలంత గుండ్రంగా, ముడి విప్పింది విప్పినట్టే ఉండిపోయింది.