తెల్లబట్టల సంఘం తీర్మానం

ఓజెల్లా అత్త పోయిన మూడో రోజున ఆమె రక్తపరీక్ష కాగితం ఆర్నెటా కంటబడింది.

అమెరికా దక్షిణాదిన నల్లవాళ్ళు కట్టుకున్న గిలియడ్ కాలేజీలో నర్సింగ్ విభాగం స్టోరు గదిలోకి గ్లౌజుల కోసం వెళ్ళింది ఆర్నెటా. మూలన మూడు అట్టపెట్టెలు. వాటిమీద రాష్ట్ర ఆరోగ్యశాఖ ముద్ర, దాని కింద చుట్టుపక్కల ఏడు చర్చిల పేర్లు, వాటిలో తమదీ ఉంది. తమ చర్చి పేరున్నది తెరిచి చూస్తే నిండా కవర్లు, ఒక్కో కవరు మీద ఒక్కో పేరు. అన్నీ తెలిసిన పేర్లే, ఆదివారం ఆదివారం పలకరించే పేర్లే. అత్త కవరు చించింది. "మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయి. వెంటనే వైద్యుడికి చూపించాలి." తేదీ ఏప్రిల్ పదకొండు.

ఇప్పుడు నవంబరు. ఆర్నెటా అక్కడే నేలమీద చతికిలబడిపోయింది.

ఈ ఏడు నెలలూ అత్త కాళ్ళు వాస్తూనే ఉన్నాయి. చర్చిలో ఎవరైనా పూనకంలా ఊగి పడిపోతే విసనకర్ర పట్టి నీళ్ళు తాగించే తెల్లబట్టల నర్సుల సంఘానికి ఆమె పెద్ద. "పాడు బూట్లు, ఉతికీ ఉతికీ కుంచించుకుపోయాయే" అని నవ్వేది. బూట్లే అనుకున్నారు అందరూ. నర్సింగ్ చదువుతున్న ఆర్నెటా కూడా బూట్లే అనుకుంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు ఆమెకి తన చదువుమీదే అసహ్యం వేస్తోంది.

అసలు ఆ రక్తం తీసింది ఎవరు? తనే. మార్చిలో ప్రభుత్వమూ కాలేజీ కలిసి నల్లవాళ్ళ ఆరోగ్యం బాగుచేస్తామని ఒప్పందం రాసుకున్నాయి. ప్రార్థన అయ్యాక చర్చి భోజనాల హాల్లో బల్లలు వేశారు. ఒక్కరూ ముందుకు రాలేదు.

"పక్క రాష్ట్రంలో జబ్బుపడ్డ మన మగాళ్ళకి మందివ్వకుండా నలభై ఏళ్ళు చోద్యం చూశారే ఈ గవర్నమెంటోళ్ళు. మళ్ళీ సూదా? నాకొద్దు తల్లీ" అంది సిస్టర్ లుట్రీషియా. చర్చిలో ఆడవాళ్ళందరినీ సిస్టర్ అనే పిలుస్తారు; ఈమె సంఘంలో అత్త తర్వాత అత్తంతటిది.

"ఇది గవర్నమెంటు కాదు సిస్టర్, మన కాలేజీ" అంది ఆర్నెటా. "మీ తాతలు ఇటుకలు మోసి కట్టిన కాలేజీ. మనవాళ్ళు మనకి ద్రోహం చేస్తారా?"

ఆ మాటకి అత్త ముందు లేచి చొక్కా చెయ్యి పైకి మడిచింది. ఆమె వెనక హాలంతా వరస కట్టింది.

ఆర్నెటా పెట్టె దగ్గర్నుంచి తిన్నగా వెళ్ళి ముందు పెడితే, కాలేజీ అధ్యక్షుడు డాక్టర్ బాస్కమ్ అత్త కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒప్పందంలో ఉందమ్మా. అధ్యయనం పూర్తయ్యేదాకా ఎవరి ఫలితమూ ఎవరికీ చెప్పకూడదు."

"ఆ సంతకం మీదే కదండీ?"

"నాదే. ఆ సంతకం లేకపోతే ఈ నర్సింగ్ స్కూలు లేదు. నువ్వూ లేవు. సోమవారం ఒప్పందం పొడిగించడానికి మళ్ళీ సంతకాలున్నాయి. గొడవ చెయ్యకు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయముంది.

చర్చి వంటగదిలో ఆడవాళ్ళు రేపటి అంత్యక్రియల భోజనానికి కోళ్ళు కోసి ఉప్పూ పిండీ పట్టిస్తున్నారు. ఆర్నెటా గడపలో నిలబడి అంతా చెప్పేసింది. చెప్పి గోడకి ఆనుకుని ఏడ్చింది. "నేనే చంపాను. సూది గుచ్చింది నేనే, నమ్మమన్నది నేనే."

లుట్రీషియా పిండి చేతులు దులుపుకోలేదు. "ఏడిస్తే నీ బరువు తగ్గుద్ది. ఆమె బతికొస్తదా? ఆ పెట్టెల్లో నా పేరుందా?"

"ఉంది. మీ అందరివీ ఉన్నాయి."

కోళ్ళ దగ్గర చేతులన్నీ ఆగిపోయాయి.

మర్నాడు శవపేటిక ముందు లుట్రీషియా తీర్మానం చదవడానికి లేచింది. అక్కడ ఎవరు పోయినా వాళ్ళ సంఘం ఒక తీర్మానం రాసి చదివి కుటుంబానికివ్వాలి. పోయినవాళ్ళ సేవలు చెప్పి, "తప్పు చేయని దేవుని చిత్తానికి వినయంగా తలవంచుతున్నాం" అని ముగించాలి. ముప్పై ఏళ్ళుగా ఆ ముగింపు మారలేదు. ఓజెల్లా అత్తే ఎందరికో చదివింది. లుట్రీషియా అక్కడిదాకా వచ్చి ఆగింది.

"ఈ ముక్క నేను చదవను."

చర్చి పాస్టరు రెవరెండ్ టోల్స్ కంగారుగా లేచాడు. "సిస్టర్, సమయం కాదిది. కుటుంబం దుఃఖంలో ఉంది."

"కుటుంబం ఎవరు రెవరెండ్? నేను కాదా? దేవుడు తప్పు చెయ్యడు, ఒప్పుకుంటా. కానీ ఇది దేవుడు చేసింది కాదే! ఏప్రిల్‌లో రాసి పెట్టెలో దాచినోడు దేవుడా? వాడి పని దేవుడి నెత్తిన రుద్ది నేను తలవంచాలా?"

"చెప్పమ్మా!" అని వెనక బల్లల్లోంచి ఒక ముసలాయన అరిచాడు. "ఉన్నదున్నట్టు చెప్పు!"

ఆమె పెన్ను తీసి ఆ పంక్తి కొట్టేసింది. రాస్తూ, రాసింది పైకి చదువుతూ పోయింది. "కావున మేము తీర్మానించేదేమనగా: మా కాగితాలు మా చేతికి వచ్చేదాకా ఈ కౌంటీలో ఏ చర్చిలోనూ ఎవరమూ రక్తం ఇవ్వం. సోమవారం మా కాగితాలు మేమే తెచ్చుకుంటాం."

"మళ్ళీ చదువు!" అన్నారు జనం. మళ్ళీ చదివింది. మూడోసారి చదివేటప్పటికి అందరూ నిలబడి ఆమెతోపాటు పలుకుతున్నారు. ఆర్నెటా పేటికలో ఉన్న అత్త ముఖం చూసింది. ఏడుపు ఆగలేదు, కానీ నోరు మాత్రం అందరితో కలిసింది.

సోమవారం కాలేజీ సభామందిరంలో పూలు, కెమెరాలు. ఏడు చర్చిల తెల్లబట్టల నర్సులు, ఎనభైమంది, తెల్ల టోపీలు తెల్ల చేతితొడుగులతో వచ్చి ముందు వరసల్లో కూచున్నారు. క్లాసులు వదిలేసి విద్యార్థులు గోడల వెంట నిలబడ్డారు. ఆరోగ్యశాఖ అధికారి కెండ్రిక్ తెల్లాయన, మెత్తగా మాట్లాడే మనిషి. వాళ్ళని చూసి తనకు స్వాగతం అనుకుని చెయ్యి ఊపాడు.

లుట్రీషియా లేచింది. "లుట్రీషియా మేబ్రీ. నా కాగితం ఇవ్వండి."

ఆమె పక్కావిడ లేచింది. "కోరా డెల్ స్ట్రింగర్. నా కాగితం ఇవ్వండి."

ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు. కెండ్రిక్ మైకు దగ్గరికి వచ్చాడు. "అమ్మలారా, ఇదంతా మీ మేలుకే. పద్ధతి ప్రకారం..."

"మా మేలుని పెట్టెలో పెట్టి తాళమేసే పద్ధతి ఎవరు నేర్పారయ్యా నీకు?" అంది లుట్రీషియా.

అప్పటికే ఆర్నెటా, నలుగురు విద్యార్థులు పెట్టెలు మోసుకొచ్చారు. కవర్లు చేతులు మారుతూ వెనకదాకా పోయాయి. కెండ్రిక్ గుమ్మం దగ్గరున్న పోలీసు డిప్యూటీని కేకేశాడు, ప్రభుత్వ ఆస్తి దోచుకుంటున్నారన్నాడు. డిప్యూటీ వచ్చి ఆర్నెటా చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేశాడు. డాక్టర్ బాస్కమ్ సంతకం పెట్టలేదు, ఆ పిల్ల నా విద్యార్థిని అని కూడా అనలేదు. కుర్చీలో తలవంచుకు కూచున్నాడు.

లుట్రీషియా కవరు తెచ్చి ఆర్నెటా ముఖం ముందు పట్టుకుంది. "కళ్ళజోడు తేలేదు. నువ్వే చదువు."

"సిస్టర్, ఇంటికెళ్ళాక..."

"చదవమన్నానా!"

ఆర్నెటా చదివింది. కిడ్నీలే. అదే ఏప్రిల్. అదే "వెంటనే" అన్న మాట. లుట్రీషియా ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

"నాకెన్నాళ్ళుందో తెలీదు" అంది డిప్యూటీతో. "ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మాత్రం కూచోను. జైలెంత దూరం?"

"రెండు మైళ్ళు. మీకెందుకమ్మా?"

ఆమె తలుపు తోసుకుని బయటికి నడిచింది. తెల్లబట్టలన్నీ ఆమె వెనక కదిలాయి, విద్యార్థులు వాళ్ళ వెనక. పత్తి ఏరేసిన చేల మధ్య తారురోడ్డు పొడవునా వాళ్ళు నడుస్తూనే కవర్లు చించి చదువుకున్నారు. కొందరు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడ్చినవాళ్ళెవరూ వెనక్కి తిరగలేదు. ఆర్నెటాని ఎక్కించుకున్న పోలీసు కారు వాళ్ళని దాటే దారిలేక, ఆ రెండు మైళ్ళూ వాళ్ళ వెనకే నెమ్మదిగా వచ్చింది.