ఎండ వైద్యం

మా నాన్న వీరరాఘవరావు గారి బుర్రలోకి ఏదైనా ఒకటి ఎక్కిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా దించలేడు. 2012 వేసవిలో ఆయన నా చెల్లెలు భవ్యను వెంటబెట్టుకుని కెనడా నుంచి చిక్కడపల్లిలోని నా ఫ్లాటుకి వచ్చారు. భవ్యకు మల్టిపుల్ స్క్లిరోసిస్. నరాల మీది పొర దెబ్బతిని, ఒకసారి కన్ను మసకబారుతుంది, ఒకసారి కాలు మాట వినదు. ఎండ సరిగా తగలని చలిదేశాల్లో ఈ జబ్బు ఎక్కువని ఆయన ఎక్కడో చదివారు. ఇంకేం, ఎండలు కాసే ఊళ్లో పెడితే తగ్గిపోతుందని తేల్చేశారు.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. భవ్యకు మూడేళ్లప్పుడు అమ్మానాన్నా దాన్ని తీసుకుని కెనడా వెళ్లిపోయారు. అప్పుడు నాకు పద్నాలుగు. పదో తరగతిలో బడి మారిస్తే చదువు చెడుతుందని నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. పది అయ్యాక ఇంటర్ అన్నారు, ఇంటర్ అయ్యాక డిగ్రీ అన్నారు. మా ఇళ్లలో పరీక్షను మించిన దేవుడు లేడు. తర్వాత అమ్మ పోయింది, అమ్మమ్మా పోయింది. అందుకే జబ్బు పేరు చెప్పుకునైనా సరే, వీళ్లిద్దరూ నా ఇంట్లో తిరుగుతుంటే నాకు బాగుంది. ఇక్కడే ఉండిపోతే బాగుండునని ఆశపడ్డాను. సిగ్గుపడకుండానే చెబుతున్నాను.

రోజూ పొద్దున్నే నాన్న భవ్యను డాబా మీద కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. అసలే ఏప్రిల్ ఎండ. వారం తిరక్కుండానే దాని ఎడమకాలు బిగుసుకుపోయింది, చూపు చెదిరింది. మెట్లు దిగుతూ నా భుజం మీద వాలిపోయింది. మందు పనిచేసే ముందు జబ్బు కాస్త పెరుగుతుందని నాన్న సర్దిచెప్పబోయారు. నాకు ఒళ్లు మండి, సాయంత్రమే ఇద్దరినీ నారాయణగూడలో నరాల డాక్టరు జగదీశ్వర్ గారి దగ్గరికి లాక్కెళ్లాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. వేడికి బాధలు ఎక్కువవుతాయని, ఒళ్లు చల్లబడితే మళ్లీ తగ్గుతాయని, డాబా మాట ఇక మరిచిపొమ్మని చెప్పారు. నాన్న వదల్లేదు. ఎండ దేశానికి వచ్చేశాం కదా, ముప్పు తగ్గదా అని అడిగారు.

"గట్ల కాదు సార్. చిన్నతనం ఏ దేశంల గడిస్తే ఆ దేశపు ముప్పే పట్టుకుంటదంటరు. జబ్బు వచ్చినంక ఇటొస్తే అది పోదు. గని ఈమెకే ఎందుకొచ్చిందో ఎవ్వరం చెప్పలేం."

ఆ చివరి మాట నాన్న చెవికెక్కలేదు. ఇంటికొచ్చి భవ్య పడుకున్నాక వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"నిన్ను వదిలేసి వెళ్లానని ఇన్నేళ్లూ కుమిలిపోయాను. వదిలేసినదాన్నే కాపాడుకున్నానన్నమాట."

ఆయన్ని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. పప్పు మాడుతుంటే గ్యాస్ కట్టేశాను.

మర్నాడు భవ్య నా పక్కన కూర్చుంది. చల్లటి చోటే తనకు నడక తేలికని, తన డాక్టర్లూ ఉద్యోగమూ అక్కడేనని, ఆ సంగతి నాన్నకు చెప్పలేకపోతున్నానని అంది. కాసేపటికి నాన్నే వచ్చి, నీ దగ్గర ఉండమంటే ఉండిపోతాం, నువ్వెలా చెబితే అలా అన్నారు. ఆ మాట కోసం ఇరవై నాలుగేళ్లు ఎదురుచూశాను. ఉండిపొమ్మని నోటిదాకా వచ్చింది.

"దాన్ని తీసుకెళ్లండి నాన్నా" అన్నాను.

మొదటిసారి వాళ్లు వెళ్తున్నప్పుడు నన్నెవరూ అడగలేదు. ఈసారి అడిగారు. నేనే పంపించేశాను.