మాల వేసుకున్న నాలుగో రోజు

మా అబ్బాయి విఠల్ ఆ నవంబరులో అయ్యప్ప మాల వేసుకున్నాడు. సిడ్నీ దగ్గర బ్లాక్‌టౌన్‌లో మా ఇంటి హాల్లోనే, గురుస్వామి రామానుజం గారి చేతుల మీదుగా. రెండేళ్లుగా వాడు, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పకుండా సరిచేసే వైటూకే పని అంటూ కంప్యూటర్‌కే అంటుకుపోయాడు. ఇంటికి రాగానే విస్కీ. ఈ మధ్య పొద్దున కూడా. మాల పడిన నిమిషం నుంచి చుక్క ముట్టలేదు. నేనూ కోడలు వసుంధరా సీసాలన్నీ సింకులో ఒంపేసి, సంతోషం పట్టలేక నవ్వుకున్నాం.

రెండో రోజు పూజలో హారతి పళ్లెం వాడి చేతుల్లో గడగడలాడింది. నల్లచొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది.

"అయ్యప్ప పరీక్ష పెడుతున్నాడు. ఓర్చుకో స్వామీ" అన్నారు రామానుజం గారు.

మూడో రోజు తిండి లేదు, నిద్ర లేదు. నాలుగో రోజు పొద్దున వాడు ఒంటి మీద ఏదో దులుపుకుంటున్నాడు.

"చీమలమ్మా! ఎన్ని చీమలో చూడు. నాన్నని పక్కకి జరగమను."

చీమల్లేవు. వాళ్ల నాన్న పోయి పదకొండేళ్లయింది.

పొద్దుటి పూజకు వచ్చిన రామానుజం గారు చేతులు జోడించారు. "పెద్దలు కనిపిస్తున్నారు. అదృష్టవంతుడమ్మా."

నాకు మా తమ్ముడు వాసుదేవరావు కనిపించాడు. తొంభై అయిదులో మద్యనిషేధం వచ్చినప్పుడు తణుకులో వాడూ ఇలాగే ఒక్కసారిగా మానేశాడు. వణికాడు, లేనివి చూశాడు. గాలి సోకిందని మంత్రం వేయించాం. అయిదో రోజు ఫిట్స్ వచ్చి పోయాడు. వణుకు మొదలైనప్పుడే ఆస్పత్రికి తేవలసిందని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆనాటి నుంచి ఎవరు గడప దాటినా తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

"వసుంధరా, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి."

"దీక్షలో హాస్పిటల్‌కా అత్తయ్యా? మాల తీసెయ్యమంటే? ఇంకో టూ డేస్ చూద్దాం."

"రెండు రోజులాగితే తియ్యడానికి మాల ఉంటుంది, మనిషుండడు."

"తొందరపడకండమ్మా. ముప్పైమందికి మాల వేశాను" అన్నారు రామానుజం గారు.

"వాళ్లలో పొద్దున్నే తాగేవాళ్లెందరు స్వామీ?"

ఆయనే ఫోనందుకుని అంబులెన్సు నంబరు ట్రిపుల్ జీరో నొక్కారు.

"నేను రాను" అని విఠల్ గోడకు అతుక్కున్నాడు. మాల వేసుకున్నవాణ్ణి స్వామీ అనే పిలవాలి. అయినా "ఒరేయ్ విఠలూ, నా మాట విను నాన్నా" అని చెయ్యి పట్టుకున్నాను.

ఆస్పత్రిలో నర్సు మాల తియ్యలేదు. సూదికి అడ్డం రాకుండా పక్కకు జరిపింది. డాక్టరమ్మ చెప్పినదాన్ని వసుంధర నాకు తెలుగులో చెప్పింది. మానడం మంచిదే. కానీ అంతగా అలవాటుపడిన ఒంటికి మందులిస్తూ, కనిపెట్టుకుని ఉండి మాన్పించాలట. చేతులు వణికినప్పుడే తీసుకురావలసిందట. లేనివి కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదట.

మూడు రోజులకు వాడి చూపు నిలబడింది.

"నేనేమైనా పిచ్చిగా వాగానా?"

"చీమలన్నావు."

"ఆఫీసులో బగ్స్ చాలక..." అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగింది. "ఇక్కణ్ణుంచి వెళ్లాక మళ్లీ తాగాలనిపిస్తే?"

"చెప్పు. మాకు చెప్పు, ఆ డాక్టరమ్మకి చెప్పు. దాచుకోకు."

వాడు దుప్పటి అంచు నలిపాడు.

"ఇప్పుడే అనిపిస్తోందమ్మా."

నేను లేచేలోపల వాడే చెయ్యి చాచి, మంచం పక్కనున్న, నర్సును పిలిచే గంట నొక్కాడు.