తోక మీద ఎర్ర గీత

తొమ్మిదేళ్లలో మా విమానానికి అది మూడో తోక. మొదటిది గాలిలో ఊగింది. రెండోది ఊగలేదు గాని మరీ బరువైంది. మూడోదాని నమూనా గీసింది నేను, వెర్లిన్ స్టకీని. ఆ మంగళవారం ఉదయం ఆరింటికి, విచిటా ఊళ్లో మా విమానాల కంపెనీ రన్‌వే పక్కన కాళ్లీడ్చుకుంటూ దాని దగ్గరికి నడిచాను.

ఎనిమిది సీట్లు, రెండు టర్బోప్రాప్ ఇంజన్లు. కంపెనీల పెద్దలు ఊరూరా తిరగడానికి తయారుచేస్తున్న విమానం. పెద్ద పరీక్ష ఒక్కటే మిగిలింది. ఎత్తు నుంచి కిందికి దూకించి, మామూలుగా ఎవరూ వెళ్లనంత వేగానికి తీసుకెళ్లాలి. తోక నిలవాలి. గురువారం డైరెక్టర్ల మీటింగు. ఆలోగా ఈ డైవ్ పూర్తికాకపోతే ప్రాజెక్టు మూసేస్తామని ముందే చెప్పారు. పదింటికి దక్షిణపు గాలి లేస్తుందని, వారాంతం దాకా తగ్గదని వాతావరణ కేంద్రం చెప్పింది. మాకున్నవి నాలుగు గంటలు.

టెస్ట్ పైలట్ మెర్ల్ హాడ్లీ అప్పటికే పారాచూట్ తగిలించుకుని, రెక్కకు ఆనుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఏమయ్యా వెర్లిన్, నిద్రపోయావా అసలు?"

"పోయానుగా. మార్చిలో."

"నీ మొహం చూస్తే ఏ సంవత్సరం మార్చో అడగాలనిపిస్తోంది."

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. డైవ్‌కు ముందు, తోక బాగుందని సంతకం పెట్టినవాడు దాని చుట్టూ ఒకసారి తిరగాలి. తర్వాత పైలట్ అడుగుతాడు, "నా పక్కన కూర్చుంటావా?" అని. "కూర్చుంటా" అనాలి. నిజంగా ఎవరూ కూర్చోరు. డైవ్‌కు పైలట్ ఒక్కడే వెళ్తాడు. కానీ ఆ మాట వినకుండా హాడ్లీ ఎన్నడూ ఇంజన్ తిప్పలేదు.

తోక వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలు రెండుంటాయి. వాటి మీద ఇటు నుంచి అటు దాకా ఎర్ర గీత మెరుస్తోంది. శుక్రవారం నేను ఇంటికి వెళ్లేటప్పుడు అది లేదు. గోరుతో నొక్కాను. మందపు పూతలోకి గోరు దిగింది.

పెయింట్ షాపు ఆర్డిస్ అన్‌రూ అక్కడే నిలబడి తన పని చూసుకుని మురిసిపోతోంది. అరవై దాటిన మనిషి.

"ఎన్ని పూతలు వేశారమ్మా?"

"తెల్లది రెండు, దాని మీద ఎర్రది రెండు. ఎక్కడైనా చుక్క జారిందేమో చూడు బాబూ!"

"వేశాక పలకలు విప్పి తూచారా?"

ఆమె మొహం మారింది. "నన్నడుగుతావేం? తూకం కార్డు మీద సంతకం నీదే. రంగు వెయ్యమన్న చీటీ మీదా నీదే."

ఏప్రన్ జేబులోంచి చీటీ తీసి చూపించింది. 'ఫొటోల నిమిత్తం తోకకు రంగు.' పోయిన శుక్రవారం సాయంత్రం నిలబడే ముప్పై కాగితాల మీద సంతకాలు పెట్టాను. వాటిలో ఇదొకటి. తూకం కార్డు అంతకుముందు గురువారం నాటిది, రంగు పడకముందుది.

కీలుకు ముందున్న బరువూ వెనకున్న బరువూ సరిపోయేలా ఆ పలకలను తూచి బిగిస్తాం. వెనక బరువెక్కితే వేగంలో పలక వణుకుతుంది. వణుకు మొదలైతే రెండు సెకన్లలో తోక ఉండదు. గీత వెనక అంచునే ఉంది.

చీఫ్ ఇంజనీర్ క్రౌజ్ గడియారం చూసుకుంటూ వచ్చాడు. చెప్పాను.

"గీతయ్యా బాబూ! గీతకు బరువేమిటి?"

"నాలుగు పూతలు సార్."

"విప్పి, తూచి, మళ్లీ బిగించేసరికి?"

"మధ్యాహ్నం మూడవుతుంది."

"పదింటికి గాలి." గడియారం మీద వేలితో కొట్టాడు. "స్టకీ, అవసరానికి మించిన బలం పెట్టకుండా నువ్వు గీత గీయవని అందరికీ తెలుసు. ఈ కాస్త రంగుకు అది సరిపోదా?"

"సరిపోవచ్చు."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అబద్ధం కాదు. అక్కడితో ఆగితే విమానం లేస్తుంది, గురువారం గడుస్తుంది, నేను ఇంటికెళ్లి మంచమెక్కుతాను. నడుం వాలిస్తే చాలనిపించింది.

హాడ్లీ కాఫీ కప్పు నలిపి డబ్బాలో వేశాడు.

"మీరిద్దరూ ఉండండి. అడగాల్సింది నేను. వెర్లిన్, నా పక్కన కూర్చుంటావా?"

తోక వైపు చూశాను. తొమ్మిదేళ్లు. తర్వాత అతని వైపు చూశాను.

"కూర్చోను."

హాడ్లీ పారాచూట్ పట్టీలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు.

"సంతకం నీది, తప్పూ నీదేనని రిపోర్టు రాస్తాను," అన్నాడు క్రౌజ్.

"రాయండి సార్. నిజమే కదా."

ఒంటిగంటకు పలకలు విప్పి తూచాం. ఎడమది హద్దు దాటింది. ఎంతో కాదు, రెండు చెంచాల పంచదారంత. బయట జెండా గాలికి బల్లపరుపుగా నిలబడి ఉంది.

"విరిగేదంటావా?" అన్నాడు క్రౌజ్.

"తెలీదు సార్."

"అదేనయ్యా నా బాధ."

గురువారం ప్రాజెక్టు మూసేశారు. శుక్రవారం గాలి, చెప్పినదానికంటే ముందే, పూర్తిగా పడిపోయింది. గడ్డిపరక కూడా కదలడం లేదు. విమానాన్ని పాత హ్యాంగర్‌కు తరలించడానికి నా సంతకాలు కావాలన్నారు. ఆఫీసులో గుమాస్తా కాగితాల కట్ట నా ముందు పెట్టింది.

మొదటిది తీసి పై నుంచి చదవడం మొదలుపెట్టాను.

"ఇంకా చదవడానికేముంది సార్ ఇందులో? అయిపోయిందిగా."

రెండోది తీశాను. కింద కారు హారన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది. కిటికీలోంచి హాడ్లీ గొంతు.

"ఏమయ్యా, వస్తావా రావా? ఆకలి దంచేస్తోంది ఇక్కడ!"

"వస్తున్నా," అని అరిచి, మూడో కాగితం చదివాను.