రెండొందల గ్యాలన్లు

“విద్యా! గంటకి ముప్పయ్యారు ఘనపు మీటర్లంటే నిమిషానికెన్ని లీటర్లు?” ముందుగదిలోని మోటార్ల కొట్లోంచి శశిధర్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి కేకేశాడు.

“ఆరొందలు,” అంది శ్రీవిద్య, గంజి వారుస్తూనే.

“ఆరొందలండీ! ఇవన్నీ నాకు నోటికొచ్చు,” అన్నాడు మొగుడు ఫోన్లో.

గుడివాడ చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లందరికీ శశిధర్ గారి లెక్కంటే గురి. అది వంటింట్లోంచి వస్తుందని ఒక్కడికీ తెలియదు. పెళ్లికి ముందునుంచీ బందరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదీవిడ. అత్తగారు మంచాన పడ్డాక ఉద్యోగం మానిపించి, “ఇంట్లో కూర్చునేదానివేగా, కాస్త నా లెక్కలు కూడా చూడు” అన్నాడాయన. కూర్చోడమట! ఈ తల్లి కూర్చుని ఎన్నాళ్లయిందో ఎవరికి పట్టింది? అత్తగారికి పక్క మార్చాలి, తుడవాలి, తినిపించాలి, మధ్యలో గ్యాలన్లని లీటర్లు చెయ్యాలి. ఒంటి అలుపు నిద్రతో కొంత పోయేది. తను చెప్పిన మాట మరుక్షణం ఆయన మాటైపోతుంటే కలిగే అలుపు మాత్రం పోయేది కాదు.

ఆ మధ్యాహ్నం ముదినేపల్లి నుంచి శోభనాద్రి మండిపడుతూ వచ్చాడు.

“నిమిషానికి తొమ్మిదొందల లీటర్లు తోడుతుందని ఆ మోటారు అంటగట్టావు. ఏడొందల యాభై దాటి చావట్లేదు. నీళ్లు చాలక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయయ్యా!”

శ్రీవిద్య గుమ్మంలో ఆగిపోయింది. ఆ మోటారు మీద నిమిషానికి రెండొందల గ్యాలన్లని రాసుంది. ఇంగ్లండు గ్యాలనైతే నాలుగున్నర లీటర్లు, అమెరికాదైతే నాలుగుకి లోపే. మోటారేమో అమెరికాది. ఆవేళ ఆయన కేకేసినప్పుడు తను అత్తగారికి స్నానం చేయిస్తోంది. ఆగలేక ఆయనే నాలుగున్నరతో గుణించి చెప్పేశాడు.

“ఆ లెక్క మా శ్రీవిద్య చెప్పిందండీ,” అన్నాడు శశిధర్ నవ్వుతూ. “ఆడవాళ్ల లెక్కలు తెలిసినవేగా. ఏమనుకోకండి.”

ఇన్నేళ్లకి ఆ కొట్లో ఒక లెక్క పక్కన తన పేరు వినబడింది, అదీ చెయ్యని తప్పుకి. ఏడుపొస్తుందనుకుంది గానీ, రాలేదు.

ఇంతలో ఫోను మోగింది. శశిధర్ అవతలి మాట విని, అలవాటుగా వంటింటివైపు తల తిప్పాడు. శ్రీవిద్య కొట్లోకి వచ్చేసింది.

“శోభనాద్రి గారూ, ఆ లెక్క నాది కాదు. కూర్చోండి, మీకు సరిపోయే మోటారేదో చూసి చెప్తాను,” అని, మొగుడి చేతిలోంచి ఫోను తీసుకుంది. “నమస్కారమండీ. నా పేరు శ్రీవిద్య. ఇక్కడ లెక్కలు చెప్పేది నేనే. అడగండి.”

శశిధర్ నోరు తెరిచాడు. అప్పుడే లోపల్నించి అత్తగారి గొంతు వినిపించింది. “అమ్మాయ్! పక్క తడిసిందే!”

శ్రీవిద్య ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది.

“మీ అమ్మగారు పిలుస్తున్నారు. వెళ్లండి.”