పుట్టిల్లు అనిపించుకోని తొట్టి

నేను ఒక గాజు తొట్టిని. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు. నా అద్దాలు ఏడు సముద్రాలు తిరిగిన ఓడలో కెప్టెన్ గారి కిటికీవని నన్ను అతికించిన మేస్త్రి చెప్పేవాడు. కాదు, పక్క వీధిలో పగిలిన బట్టల కొట్టు అద్దమని అతని పెళ్లాం అనేది. నేను మేస్త్రి మాటే నమ్ముతాను. మన పుట్టుక గురించి మంచి మాట చెప్పేవాణ్ని కాదనుకోవడం దేనికి?

భీమిలిలో కొండబాబు చేపల కొట్టులో నన్ను కొన్నది పెళ్లిళ్లు కుదిర్చే గొంప రామజోగి. ఆ ఏడు ఆయన కుదిర్చిన సంబంధాలు రెండు వరసగా పెటాకులయ్యాయి. ఆయన అరుగెక్కేవాళ్లు బాగా తగ్గిపోయారు. పోయిన పేరు తెచ్చుకోవడానికి ఆయనకొక ఉపాయం తోచింది. ఉప్పునీటి చేపలకి ఇంట్లోనే జత కుదిర్చి పిల్లల్ని పెట్టించాలి. "సముద్రంలో జీవాల్ని కలిపిన చెయ్యి మనుషుల్ని కలపనేదా?" అని ఊరంతా చెప్పుకొచ్చాడు.

కొట్టులో చేపల ఎంపిక పెళ్లిచూపుల్లాగే జరిగింది. నీలం చేప సొగసుగా ఉందిగాని దానికి చెరువంత చోటు కావాలట. ఇంకొక చేపలో మగవాడే గుడ్లు నోట్లో పెట్టుకుని పొదుగుతాడని కొండబాబు చెప్పాడు.

"నోరు మూసుకుని కూకునే పెళ్లికొడుకు నాకొద్దురా," అన్నాడు రామజోగి.

చివరికి నారింజ రంగు ఒంటి మీద విభూతి పట్టెల్లాంటి తెల్ల చారలున్న క్లౌన్ చేపలు నచ్చాయి. అవి చిన్న తొట్టిలో కాపురం చేస్తాయి, గుడ్లూ పెడతాయి. వధూవరుల ఎత్తు కొలిచే దారమొకటి ఆయన సంచిలో ఎప్పుడూ ఉండేది. అది తీసి అద్దం మీద ఆనించి, ఈడూ జోడూ అచ్చంగా సరిపోయిన రెండు పెద్ద చేపల్ని ఎంచాడు. కొండబాబు చూస్తూనే ఉన్నాడు, ఆ రెండిటినే పట్టి ఇచ్చేశాడు.

ఇంటికి తెచ్చి, సముద్రపు నీళ్లు పోసి, నా అంచు నిమిరి రామజోగి మాటిచ్చాడు. "ఈటి పిల్లలకి పుట్టిల్లు నువ్వేనే. నా పేరు నిలబెట్టు, నిన్ను నా కంఠంలో ప్రాణముండగా వదల్ను."

ఆ ఒక్క మాటకి నేను పొంగిపోయాను. అంతవరకూ నన్ను ఇల్లన్నవాడు లేడు.

మూడో రోజుకి ఆ జంట ఒకదాని రెక్కలు ఒకటి పీక్కుంది. రామజోగి కొట్టుకి పరుగెత్తి కొండబాబుని లాక్కొచ్చాడు.

"రెండూ ఆడవే మావా," అన్నాడు కొండబాబు తాపీగా. "ఈటి కులంలో అందరూ మగోళ్లుగానే పుడతారు. జంటలో పెద్దది ఆడదవుద్ది. ఒకపాలి ఆడదయ్యాక మళ్లీ మగాడు కాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచాల."

"మరి ఆ రోజు సెప్పలేదేటిరా?"

"నువ్వు దారం తీసినావు. పెద్దోరి పనిలో నానేటి సెప్తాను? అయినా మీ ఇంట్లో సూసుకోలేదా మావా, పెద్దది అత్త, చిన్నోడివి నువ్వు."

రామజోగి పెళ్లాం అచ్చియమ్మ మొగుడికంటే జానెడు పొడుగు. వంటింట్లోంచి ఆవిడ నవ్వు నా అద్దాలదాకా వినిపించింది.

ఒక ఆడచేపని తిరిగిచ్చి, దానిలో సగం లేని బుల్లి మగచేపని తెచ్చారు. ఐదు నెలలకి నా అడుగున వేసిన కుండపెంకు మీద గుడ్లు కనిపించాయి. బుల్లి మొగుడు తిండి మాని రెక్కలతో వాటికి గాలి విసిరాడు. తొమ్మిదో రోజు పొద్దున్న నా నీళ్లలో కనురెప్ప వెంట్రుకలంత పిల్లలు. పెద్దవి మింగేస్తాయని వాటిని టబ్బులోకి మార్చారు. పదకొండు బతికి, పెద్దవి మింగలేనంత ఎదిగాయి.

విజయనగరం నుంచి పెళ్లికొడుకు తరఫువాళ్లు వస్తున్నారనగానే రామజోగి లైట్లున్న పెద్ద తొట్టి తెచ్చాడు. తల్లీతండ్రీ పిల్లలూ అందులోకి వెళ్లారు. నన్ను ఖాళీ చేసి అరుగు మూలన పెట్టారు. పోనీలే, ఇల్లు మారినంత మాత్రాన పుట్టిల్లు మారదు గదా అనుకున్నాను.

"ఈ పిల్లలు ఎక్కడ పుట్టాయండీ?" అనడిగింది పెళ్లికొడుకు తల్లి.

"ఈ తొట్టిలోనేనమ్మా. ఇదే ఈటి పుట్టిల్లు."

"ఆ మూలదేమిటి?"

"అదా? ఖాళీదమ్మా. దానిలో ఎప్పుడూ నీళ్లు పొయ్యలేదు."

నిశ్చితార్థం చెడిపోయిన పిల్లని చూపించి "ఇదే మొదటి సంబంధం బాబూ" అని ఆయన అదే గొంతుతో అనడం రెండు మూడుసార్లు విన్నాను. విని నవ్వాను కూడా. ఆ ఆడపిల్లలు తలుపు వెనక నిలబడి ఏమనుకునేవారో ఆనాడు తెలిసింది. నా అద్దం మీద నీటి మట్టం దగ్గర తెల్లటి ఉప్పు చార ఇంకా ఉంది. వాళ్లు వెళ్లాక అచ్చియమ్మ తడిగుడ్డతో దాన్ని తుడిచింది. "మనుషులు సాల్లేదేటి, దీన్ని కూడానా?" అని గొణిగింది. కానీ తుడిచింది.

ఆ సంబంధం కుదిరింది. అరుగు మళ్లీ నిండింది. నన్ను బీచి రోడ్డులో టీ బడ్డీ పైడమ్మకి ఇచ్చేశారు. ఇప్పుడు నా కడుపు నిండా జంతికలు.

మొన్న రామజోగే వచ్చి ఒక జంతిక కొరికాడు.

"ఉప్పు కషాయమే పైడమ్మా."

"అయ్యో బాబూ, ఇయ్యాల పిండిలో ఉప్పెయ్యడమే మరిసిపోనాను."

రామజోగి నమలడం ఆపి నావైపు చూశాడు. తరవాత సముద్రంవైపు చూశాడు. మిగతా ముక్క కాకులకి విసిరి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నేను కోతలు కోస్తున్నాననుకునేవాళ్లు పైడమ్మ బడ్డీకొచ్చి ఒక జంతిక తిని చూడండి.